బత్తాయిపండంత గురి

మా వంశంలో విల్లు పట్టినవాడు లేడు. మా తాతగారు అరక దున్నారు, మా నాన్నగారు బడిపంతులుగా బ్రతికారు. మేము చేసిన హింసల్లా పండుగకు ఒక కోడిని కోయించడం. అదైనా కోసేవాడు వేరు. అటువంటి నేను, యాభై దాటాక, అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో, తెల్లవారుజామున నాలుగింటికి లేచి విల్లు పట్టుకుని అడవికి పోతున్నానంటే మీకు నవ్వు రావడం సహజమే. మా ఆవిడ మీకంటే ముందు నవ్వింది.

దీనికంతకూ కారణం మా పొరుగింటి పెద్దాయన. వడ్రంగం చేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. ఏప్రిల్ నెల వచ్చిందంటే ఇంట్లో నిలవడు. "ఒక్కసారి వచ్చి చూడు, కొట్టక్కర్లేదు" అని నన్ను ఓజార్క్ కొండల్లోకి తీసుకుపోయాడు. తెలతెలవారుతుండగా ఓకు చెట్లమీదినుంచి టర్కీ పుంజుల కూతలు మొదలైనాయి. ఒకటి కూస్తే ఆవలి కొండనుంచి ఇంకొకటి బదులు పలుకుతుంది. అంతే, నా పని అయిపోయింది.

టర్కీ అనగానే దొడ్లో పెంచే బొద్దుకోడి అనుకునేరు. అడవి పుంజు ఎనిమిది తొమ్మిది కిలోలు తూగుతుంది. రాత్రి చెట్టుమీద పడుకుంటుంది, అవసరమైతే కొండ దాటి ఎగిరిపోతుంది. వాసన పట్టలేదు గాని, దాని కన్ను మాత్రం పాపిష్టి కన్ను. గుడారంలో నల్లచొక్కా తొడుక్కుని, చీకట్లో చీకటిగా కూర్చుంటే తప్ప విల్లు లాగనివ్వదు. వేట ఒకప్పుడు హద్దు మీరి, అడవులు నరికి, ఈ రాష్ట్రంలో వీటిని ఇంచుమించు తుడిచిపెట్టారట. 1954 నుంచి మిగిలిన కాసిని పక్షులను ఫిరంగితో వలలు విసిరి పట్టి, వేరే అడవుల్లో వదిలి పెంచారు. 1960లోగాని మళ్ళీ వసంతకాలపు వేటకు సెలవివ్వలేదు. రొమ్ముమీద గడ్డంలాగా కుచ్చు వేలాడే పక్షినే వసంతంలో కొట్టాలి.

ఇక నా ప్రతాపం చెబుతాను.

మొదటి ఏడు నేను ములికి ఎంచడంలోనే వారం రోజులు గడిపాను. అంగడిలో అవి మూడు రకాలు. బ్లేడ్లు కదలకుండా బిగించినవి ఒక రకం. ఎముకకు తగిలినా చెక్కుచెదరవు. తగలగానే గొడుగులా విచ్చుకుని రెండంగుళాల వెడల్పున కోసేవి రెండో రకం; విచ్చుకోవడానికే బాణం ఊపు కొంత ఖర్చవుతుంది. మూడోది మెడకోసం చేసింది, నాలుగంగుళాల కత్తుల చట్రం. తగిలితే తల తెగుతుంది, తప్పితే గాయం లేకుండా పోతుంది. దగ్గరగా ఉంటే తప్ప పనికిరాదు, పెద్ద బ్లేడ్లు గాలిని పట్టి బాణాన్ని పక్కకు లాగుతాయి. ద్రోణాచార్యులవారు చెట్టుమీద పెట్టినది చేసిన పిట్ట, మెడ తిప్పలేదు. ఈ పుంజు అడుగడుగుకూ మెడ ఆడిస్తూనే ఉంటుంది. అర్జునుడికే వదిలేశాను.

నేను బిగించినవే కొన్నాను. గడ్డం గీసుకునేంత పదును. ఇంత మంచి ములికి ఉండగా ఇంకేం కావాలనుకున్నాను.

ఏప్రిల్ చివర ఒక ఉదయం, పద్దెనిమిది గజాల దూరంలో పుంజు పురి విప్పి పక్కవాటున నిలబడ్డది. ఈకలన్నీ ఉబ్బించి పీపా అంత అయింది. రొమ్ము నిండుగా ముందుకు పొంగి ఉంది. గుండె అక్కడే కదా అని దాని నడిమధ్యకు గురిపెట్టి వదిలాను. బాణం దూసుకుపోయింది. పక్షి ఒక్క ఎగురు ఎగిరి, పది అడుగులు పరుగెత్తి, రెక్క విప్పి గట్టు దాటిపోయింది.

సాయంత్రందాకా పెద్దాయనా నేనూ మోకాళ్ళమీద పాకుతూ ఆకులు తిరగేశాం. నాలుగు ఈకలు, మూడు చుక్కల రక్తం. ఈకలే రక్తాన్ని పీల్చుకుంటాయట, జాడ మిగలదు. మర్నాడు కూడా వెతికాం. దొరకలేదు.

ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ నవ్వలేదు. "చంపి తెచ్చివుంటే వండిపెట్టేదాన్ని. సగం చంపి వచ్చారేమిటండీ?" అన్నది.

ఆ ఏడు మళ్ళీ విల్లు ముట్టలేదు. బాణం మాత్రం చెట్టు మొదట్లో దొరికింది. తెచ్చి గరాజు గోడకు తగిలించాను.

నవంబరులో పెద్దాయన తన వేటలో పడ్డ పక్షిని, ఇంకా పొట్ట తియ్యనిదాన్ని, తన గరాజు బల్లమీద పెట్టి నన్ను పిలిచాడు. "నువ్వెక్కడ కొట్టావో చూపించు" అన్నాడు. మా ఆవిడ స్వెట్టరు అల్లే పొడుగుసూది ఒకటి తీసుకుపోయి రొమ్ము మధ్య గుచ్చాను. ఆయన కోసి చూపించాడు: ఆ కొసనుంచి ఈ కొసకు ఉత్త కండ. గుండెగాని ఊపిరితిత్తులుగాని దరిదాపుల్లో లేవు. అవి వెనుకకూ పైకీ ఉన్నాయి, ఊపిరితిత్తులు వెన్నెముకను అంటుకుని, గుండె వాటి కింద. మొత్తం కలిపి పెద్ద బత్తాయిపండంత. అంత పీపా ఆకారంలో చంపదగిన చోటు ఆ బత్తాయిపండే! తక్కినదంతా ఈకల ఆడంబరం.

పక్కవాటుగా ఉంటే కాళ్ళ వెంబడి కన్ను పైకి పోనిచ్చి, రెక్క మొదలు దగ్గర కొట్టాలి. ఎదురుగా ఉంటే కుచ్చు మొదలికి రవంత పైన. పురి విప్పి వెనుదిరిగితే తోకవిసనకర్ర మొదట్లో. ఆ విసనకర్రే దాని కళ్ళకు అడ్డం గనుక విల్లు లాగడానికి అదే మంచి సమయం. తప్పితే పైకే తప్పాలి, కిందికి తప్పితే పక్షి దక్కదని అక్కడి వేటగాళ్ళ మాట. వెన్నో తుంటో విరిగితే కదలలేదు, కిందికి పోతే నా కథే.

ఆ ఏడు ములికి మార్చాను, విచ్చుకునేది కొన్నాను. అంగుళం అటూ ఇటూ అయినా వెడల్పు కాస్త ఆదుకుంటుందని. రొమ్ము కండలో తగిలివుంటే అది మాత్రం ఏం చేసేది లెండి. చలికాలమంతా పెరట్లో మందపాటి స్పంజి దిమ్మెకు ఒక బత్తాయిని గుచ్చి కొట్టాను. పళ్ళు వృథా అని మా ఆవిడ సణిగితే, తరువాత టెన్నిసు బంతి పెట్టుకున్నాను.

మరుసటి ఏప్రిల్‌లో మొదటి పుంజు ఇరవై గజాలకు వచ్చింది. విల్లు లాగి పట్టుకున్నాను. అది పురి దించదు, తిరుగుతూనే ఉంది. పైగా దాని వెనకాల ఒక పెట్ట మేస్తున్నది. భుజం వణకసాగింది. నారి మెల్లగా వెనక్కు వదిలేశాను. ఆ కదలికకే అవి రెండూ మాయమైనాయి. పెద్దాయన ఏమీ అనలేదు, ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చాడు.

ఆరు రోజుల తరువాత వేరొకటి, పురి ముడిచి, పదిహేను గజాలలో పక్కవాటున నడిచివచ్చింది. కాళ్ళ వెంబడి కన్ను పైకి పోనిచ్చాను. నాలుగడుగులు వేసి పడిపోయింది. దగ్గరకు పోయి చూస్తే నా చేతులు దానికంటే ఎక్కువ వణుకుతున్నాయి.

ఇంటికి తెస్తే మా ఆవిడ వంటింటి గుమ్మంలోనే ఆపింది. "ఎక్కడ తగిలింది?" అన్నది. రెక్క ఎత్తి చూపించాను. కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది. గరాజు గోడమీది బాణాన్ని కూడా ఒకసారి చూసింది.

"కాళ్ళు ముదురుగా ఉన్నాయి, రెండు గంటలైనా ఉడకాలి," అని లోపలికి పోతూ, "గసగసాలు వెయ్యనా, కొబ్బరి చాలా?" అన్నది.