నా ఇంటర్ స్పానిష్

పోయిన ఏడాది మా వీధిలో ఒక మాట పుట్టింది. మిల్లు తాత ఈ వయసులో ఇంటర్ చదువుతున్నాడంట అని. ఆ మాట పుట్టించింది ఎవరో కాదు, మా ఇంటామే. కొళాయి దగ్గర ఎవరో అడిగితే, "మా ఆయన సాయంత్రం ఇంటర్ క్లాసులో ఉంటాడమ్మా" అని చెప్పేసి బిందె ఎత్తుకుని వచ్చేసింది. అప్పట్నుంచి రేషన్ అంగడిలో కూడా "ఏం తాతా, పరీక్షలెప్పుడు?" అని అడగడమే.

నేను చదివింది ఐదో క్లాసు. అదీ అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం పక్కన మా పల్లెలో. నేను కూర్చున్నది ఇంటర్మీడియట్ స్పానిష్ అనే క్లాసులో. ఇది మన ఊర్ల ఇంటరూ కాదు, ఇక్కడి పీయూసీ కాదు. ఈ పరాయి భాషలు నేర్చుకునేదానికి మెట్లు పెట్టినారు. ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని ఆరు. ఏ అంటే అప్పుడే మొదలుపెట్టినవాళ్ళు. బీ అంటే మధ్యలో ఉన్నవాళ్ళు. ఆ మధ్య మెట్టు పేరే ఇంటర్మీడియట్. మధ్యలో ఉండడం ఎంత కష్టమో అందులో కూర్చున్నాకే తెలిసింది. మొదట్లో నమస్కారం, నీ పేరేమి, కాఫీ ఎంత అని హాయిగా పోతుంది. మధ్యకొచ్చినాక మన బతుకు గురించి చెప్పమంటారు.

నేను ఆ క్లాసులోకి ఎట్లా పోయినానో చెప్పాలి. 1977లో మిల్లులో చేరినాను, వీవింగు ఖాతాలో. 25 ఏండ్లు. మిల్లు మూసేసినాక ఒక కాలేజీలో అటెండరుగా కుదురుకున్నాను. రూములు తెరవడం, బోర్డులు తుడవడం, రిజిస్టర్లు మోయడం. మా అక్క మనవరాలు డిగ్రీకని మా ఇంటికొచ్చి అదే కాలేజీలో చేరింది. డిగ్రీతో పాటు సాయంత్రం స్పానిష్ కూడా తీసుకుంది. బెంగుళూరు కంపెనీల్లో స్పానిష్ వచ్చినవాళ్ళకి మంచి పగారు ఇస్తారని దానికెవరో చెప్పినారు. మాట నిజమే. 20 దేశాల్లో అది సర్కారు భాష. స్పెయిన్ ఒకటే కాదు, మెక్సికో నుంచి కింద అర్జెంటీనా దాకా అదే మాట్లాడతారు. ఆ దేశాల పనులు చేసిపెట్టే ఆఫీసులు ఇక్కడ చాలా ఉన్నాయి.

కానీ మా పిల్లకి స్పానిష్ మీద మనసు పోవడానికి వేరే కారణం ఉంది. అనంతపురం వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. ఫాదర్ ఫెర్రర్ అని ఒకాయన, బార్సెలోనాలో పుట్టినాయన, 1969లో మా జిల్లాకొచ్చినాడు. అప్పుడు మా జిల్లా అంటే శెనక్కాయ చేను, ఆకాశం. వానొస్తే అన్నం, రాకపోతే బెంగుళూరు బస్సు. నేనూ ఆ బస్సెక్కినవాణ్ణే. ఆయనా, ఆయన భార్య అన్నే ఫెర్రర్ అమ్మా పెట్టిన సంస్థనే ఆర్డీటీ అంటాం. బావులు, చెక్‌డ్యాములు, ఇండ్లు, బడులు, బత్తలపల్లిలో పెద్దాసుపత్రి. 2009లో ఆయన అనంతపురంలోనే పోయినాడు, బత్తలపల్లిలోనే సమాధి చేసినారు. మా అక్క ఇంట్లో దేవుళ్ళ పటాల పక్కన ఆయన పటం ఉంటుంది. స్పెయిన్‌లో మామూలు జనం నెలనెలా కొంత డబ్బు పంపి ఒక్కో పిల్లకి అండగా ఉంటారు. అట్లా మా మనవరాలికి ఆరేండ్లప్పుడు ఒక మద్రీనా దొరికింది. మద్రీనా అంటే పెంపుడుతల్లి లాంటి మనిషి అనుకోండి. ఉత్తరాలు వచ్చేవి, ఆఫీసువాళ్ళు తెలుగులో చెప్పేవాళ్ళు. పిల్ల బొమ్మ గీసి పంపేది. 2014లో ఆమె స్వయంగా పల్లెకొచ్చింది. పొట్టిగా, తెల్లజుట్టుతో, మా అక్క చేసిన ఓళిగలు రెండు తిని మూడోది చేతిలో పట్టుకుని కూర్చుందంట.

ఇక క్లాసు సంగతి. రెండో ఏడాది మొదలైన నెలకే పిల్ల ఏడుపు. మానేస్తానంది. రెండు ఇంటర్నల్ పరీక్షల్లో తప్పింది. కట్టిన ఫీజు నా గ్రాట్యుటీలో మిగిలిన దాంట్లోది. మా ఇంటామె అన్నం పెడుతూ పెడుతూ "పోనీలే, మానెయ్యనీ" అంది. నాకు మాత్రం గుండెలో రాయి పడింది. మిల్లు మూసిన ఏడాది మావాడు పీయూసీ మానేసినాడు. అప్పుడూ మా ఇంట్లో అందరూ పోనీలే అన్నాం.

మర్నాడు డ్యూటీ అయినాక ఆ మేడం దగ్గరికి పోయి నిలబడ్డాను. "నేను వెనకాల కూర్చోవచ్చునా అమ్మా, పిల్లకి ఇంట్లో చెప్పడానికి" అన్నాను. ఆమె నన్ను ఒకసారి చూసి "బన్ని, కూత్కొళ్ళి" అనింది. పదేండ్లుగా తాళం తీసిన రూము అది. దాంట్లో బెంచీ మీద కూర్చోవడం అదే మొదలు. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మొదటి వారం ఒక్క ముక్క అర్థం కాలేదు. చెవిలో మగ్గాల చప్పుడు ఇంకా ఉంది నాకు, మన ఖాతావాళ్ళందరికీ ఉన్నట్టే. మేడం గట్టిగా మాట్లాడేది నా కోసం. నెమ్మదిగా కొన్ని మాటలు తెలిసిన మొహాల్లాగా కనబడ్డాయి. మేసా అంటే మేజా. బొతోన్ అంటే బొత్తాం. పగార్ అంటే డబ్బు కట్టడం! నేను ఉండబట్టలేక "పగారా?" అన్నాను పైకి. అందరూ తిరిగి చూసినారు. మేడం చెప్పింది, ఇవి పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చి మన దగ్గర వదిలేసిపోయిన మాటలు, పోర్చుగీసు స్పానిష్ అక్కచెల్లెళ్ళు అని. ఇన్నేండ్లు ఏడో తారీకు కిటికీ దగ్గర లైనులో నిలబడి నేను స్పానిష్ మాట్లాడినానన్న మాట.

పెరో అంటే కానీ, పెర్రో అంటే కుక్క. క్లాసులో పిల్లలకి ఈ రెండో ర నోట్లో తిరగలేదు. గుర్రం అన్నట్టు అనమ్మా అని మా పిల్లకి చెప్పినాను, వచ్చేసింది. మేజా ఆడది, పుస్తకం మగది అనే లెక్క మాత్రం నాకు ఈరోజుకీ ఎక్కలేదు. మా ఇంటామె అదే అంది, "మేజా ఆడదే, అందరి బరువూ మోస్తుంది కదా" అని.

పిల్ల తప్పుతున్నది ఎక్కడంటే జరిగిపోయిన సంగతులు చెప్పేకాడ. వాళ్ళకి రెండు రకాలు ఉన్నాయి. త్రబహే అంటే పనిచేసినాను, అయిపోయింది. త్రబహాబ అంటే పనిచేసేవాణ్ణి, రోజూ, అలవాటుగా. క్లాసులో అందరూ ఇంగ్లీషులో అనుకుని, దాన్ని స్పానిష్‌లో పెట్టేవాళ్ళు. ఇంగ్లీషులో రెంటికీ చాలాసార్లు ఒకటే మాట సరిపోతుందంట. అందుకే తికమక. నేను ఇంగ్లీషు రానివాణ్ణి కదా, నాకు ఆ తికమక లేదు. మనం ఎప్పుడైనా కలుపుతామా? "25 ఏండ్లు పనిచేసినాను" అంటాం. "రాత్రి షిఫ్టు చేసేవాణ్ణి" అంటాం. ఆ రాత్రి పిల్లని కూర్చోబెట్టి, "నువ్వు ఇంగ్లీషు పక్కన పెట్టు. తెలుగులో అనుకో. చేసేదాన్ని అని వస్తే ఒకటి, చేసినాను అని వస్తే ఇంకొకటి" అన్నాను. అది పుస్తకం తీసి పది వాక్యాలు చేసి చూసుకుంది. తొమ్మిది సరిపోయినాయి. పదోదానికి మేడంని అడిగింది, దాంట్లో రెండూ పెట్టొచ్చంట.

ఇంకా ఇట్లాంటివి ఉన్నాయి. మే గుస్తా ఎల్ కఫే అంటే నాకు కాఫీ ఇష్టం. మనలాగే నాకు అని మొదలుపెడతారు, నేను అని కాదు. నువ్వు, మీరు అని రెండు ఉన్నాయి. తూ, ఉస్తెద్. మేడం పిల్లల్ని తూ అనేది, నన్ను ఉస్తెద్ అనేది. మిల్లులో జాబరు నన్ను ఏనాడూ మీరు అన్లేదు.

ఒకరోజు ఎవరు ఏం పనో చెప్పమన్నారు. నా వంతు వచ్చింది. మిల్లు అంటే ఏమిటో ముందే డిక్షనరీలో చూసుకుని పెట్టుకున్నా. మొలీనో అని ఉంది. అదే చెప్పినాను. మేడం నవ్వు ఆపుకుంది. మొలీనో అంటే పిండిమర, గాలిమర అంట. సెర్వాంతెస్ అనే ఆయన 1605లో అచ్చేసిన కథలో దోన్ కిహోతె అనే పిచ్చి వీరుడు గాలిమరల్ని రాక్షసులనుకుని ఈటెతో పొడవబోయి కింద పడతాడంట. మన మిల్లుని ఫాబ్రికా దె తెహీదోస్ అనాలి, బట్టల ఫ్యాక్టరీ. సరే అని మళ్ళీ మొదలుపెట్టినా. అప్పుడు వచ్చింది అసలు చిక్కు. తెలుగులో "నేను మిల్లు కార్మికుణ్ణి" అంటే చాలు, ఇప్పుడా అప్పుడా అని ఎవరూ అడగరు. స్పానిష్‌లో ఊరకుండరు. సోయ్ అంటే ఇప్పుడు అయి ఉన్నాను, ఎరా అంటే ఒకప్పుడు. రెంట్లో ఒకటి ఎంచుకోవాల్సిందే. మిల్లు మూసి ఇరవై ఏండ్లు దాటింది. క్లాసంతా నా వైపు చూస్తా ఉంది. సోయ్ అన్నాను. మేడం దిద్దలేదు.

ఆ తరవాతి వారం ఆమె బార్సెలోనా గురించి పాఠం తెచ్చింది. నన్ను చూసే తెచ్చిందేమో. ఆ ఊరి చుట్టుపక్కల అంతా బట్టల మిల్లులే ఒకప్పుడు. ఏటి ఒడ్డున మిల్లు, పక్కనే కార్మికుల ఇండ్లు, బడి, చర్చి, అంగడి, అన్నీ ఓనరువే. కొలోనియా అంటారు. 1890లో కట్టిన కొలోనియా గుయెల్ ఇంకా ఉందంట, చూడ్డానికి జనం టికెట్టు కొనుక్కుని పోతారు. మన బిన్నీపేటకి ఎవరన్నా టికెట్టు పెడితే బాగుండు. 1919లో అక్కడ ఒక కరెంటు కంపెనీలో మొదలైన సమ్మె 44 రోజులు నడిచింది. బట్టల మిల్లులవాళ్ళూ కలిసినారు. ఊరు చీకటైపోయింది. ఆఖరికి సర్కారు దిగొచ్చి రోజుకి 8 గంటలే పని అని చట్టం చేసింది. సమ్మెని వాళ్ళు వెల్గా అంటారు. మన చెవికి వెలుగు అన్నట్టుంది, ఊరంతా చీకటి చేసినదానికి. పిల్లలకి షిఫ్టు అంటేనే ఏమిటో తెలియదు. మేడం నన్ను లేచి చెప్పమంది. సైరన్ గురించి, పోగు తెగితే మగ్గం ఆపి ముడేసేదాని గురించి, మధ్యాహ్నం గేటు దగ్గర క్యారియర్లతో నిలబడే పిల్లల గురించి నాకొచ్చిన నాలుగు స్పానిష్ మాటలు, మిగతా కన్నడంలో చెప్పినాను. గంట దాటిపోయింది.

ఉగాదికి ఊరికి పోయినప్పుడు మా అక్క ట్రంకు పెట్టె తీసింది. మద్రీనా 2014లో చేతికిచ్చిన కార్డు ఒకటి ఉంది అందులో, కొండ మీద చర్చి బొమ్మది. ఆఫీసు ద్వారా వచ్చింది కాదు కాబట్టి దాన్ని ఎవరూ చదివి చెప్పలేదు. ఏవో దీవెనలు ఉంటాయిలే అనుకుని దాచిపెట్టుకున్నారు. వెనక నాలుగు వరుసలు. నేను అద్దాలు పెట్టుకుని కూడబలుక్కున్నాను. పిల్ల పక్కన కూర్చుని నన్నే చదవనిచ్చింది. రెండో వరుసలో త్రబహాబ కనపడింది. చేసేది, చేసేది అని నాలో నేను అనుకున్నా. మా అమ్మ సబదెల్ ఊర్లో బట్టల మిల్లులో పనిచేసేది. నేను ఆమెకి అన్నం తీసుకుపోయేదాన్ని. అంతే. కింద సంతకం.

మా అక్క మళ్ళీ చదవమంది. మూడుసార్లు చదివినాను. "మరి ఆ రోజు చెప్పలేదేమిరా?" అంటుంది. ఆ రోజు ఇంటి నిండా జనం, ఓళిగలు, ఫోటోలు. చెప్పడానికి ఆమెకి మన భాష లేదు, అందుకే రాసిచ్చింది.

జవాబు రాయాలని కూర్చున్నాం. నేను చెబుతా ఉంటే పిల్ల రాసింది. మిల్లు పేరు, 25 ఏండ్లు, మగ్గాలు, మావాడు కూడా గేటు దగ్గరికి క్యారియర్ తెచ్చేవాడు అని. అది సులభంగా వచ్చింది, తెచ్చేవాడు, అలవాటు. తరవాత మావాడు చదువు మానేసిన సంగతి చెప్పినాను. "దెహో అని రాయాలి తాతా, ఒక్కసారి జరిగి అయిపోయింది కదా" అంది పిల్ల. రాసింది. నేను ఆ వాక్యం కొట్టేయమన్నాను. అది కొట్టేయలేదు. కాసేపు వాదించుకున్నాం. చివరికి అట్లాగే ఉండనిచ్చినాం, దాని కింద పిల్ల తన మాట ఒకటి కలిపింది. నాకు చదవడానికి ఇవ్వలేదు. అందులో ఏదో ఓహలా అని ఉందని మాత్రం కనపడింది. ఓహలా అంటే అట్లా కావాలని కోరుకోవడం, అరబ్బీ నుంచి వచ్చిన మాట, మన సాయిబులు ఇన్షాల్లా అన్నట్టు. దాని తరవాత క్రియ మారిపోతుంది. ఆ పాఠం దగ్గరే నేను ఆగిపోయినాను.

ఉత్తరం అక్క చేత అనంతపురం ఆఫీసులో ఇప్పించినాం. అక్కడ ఆర్డీటీవాళ్ళే పల్లె పిల్లలకి స్పానిష్, ఫ్రెంచి, జర్మన్ నేర్పే బడి కూడా నడుపుతున్నారు. ఆ పక్క చుట్టాలున్నవాళ్ళు కనుక్కోండి.

అటెండరు పని నేను వదిలేసినాను, మోకాళ్ళు సహకరించడం లేదు. పిల్ల పరీక్ష పాసై పై క్లాసుకి పోయింది. మేడం కనబడినప్పుడల్లా వెనక బెంచీ ఖాళీగానే ఉంది అంటుంది. స్పెయిన్ నుంచి జవాబు ఇంకా రాలేదు. ఆమెకి ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. పోస్ట్‌మ్యాన్ వీధిలోకి వస్తే మా ఇంటామె నాకంటే ముందు గడపలో నిలబడుతోంది.