పదహారు అంగుళాల తెర వెనుక

పారదర్శకత గురించి మాట్లాడేవారు సాధారణంగా చట్టాలను, తీర్పులను ప్రస్తావిస్తారు. బయటపడిన సమాచారాన్ని చదవడానికి ఎంత పెద్ద తెర కావాలో ఎవరూ అడగరు. ఢిల్లీలో ఇరవై ఏళ్లుగా జాతీయ రాజకీయాలు రాస్తున్న ఒక తెలుగు విలేకరికి ఆ ప్రశ్న 2024 మార్చి 21 రాత్రి ఎదురైంది.

ఎలక్టోరల్ బాండ్ల పథకం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు ఆ ఏడాది ఫిబ్రవరి 15న తీర్పు చెప్పింది. మార్చి 14న ఎన్నికల సంఘం రెండు జాబితాలు వెలువరించింది. బాండ్లు కొన్నవారిది ఒకటి, వాటిని సొమ్ము చేసుకున్న పార్టీలది మరొకటి. ఎవరి బాండు ఏ పార్టీకి చేరిందో తెలిపే సంఖ్యలు మాత్రం వాటిలో లేవు. న్యాయస్థానం మరోసారి గట్టిగా ఆదేశించాకే స్టేట్ బ్యాంకు ఆ సంఖ్యలు ఇచ్చింది, 21న అవి ప్రజల ముందుకు వచ్చాయి. అప్పుడు కూడా జాబితాలు రెండే. వందల పేజీల ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి, సంఖ్యకు సంఖ్య కలుపుకొనే పని చదివేవారికే మిగిలింది.

విలేకరి దగ్గరున్నది ఆరేళ్ల నాటి 13 అంగుళాల లాప్‌టాప్, ఎనిమిది జీబీల మెమరీ. రెండు కిటికీలు పక్కపక్కన తెరిస్తే అక్షరాలు చీమలబారులయ్యాయి. ఒకదాని వెనుక ఒకటి పెడితే, ఒక సంఖ్యను మనసులో మోసుకుంటూ మరో పేజీకి వెళ్లేలోగా అది జారిపోయేది. 1,368 కోట్ల రూపాయలతో మొదటి స్థానంలో ఉన్న లాటరీ సంస్థ, 966 కోట్లతో రెండో స్థానంలో ఉన్న హైదరాబాద్ నిర్మాణ సంస్థ ఎవరికెంత ఇచ్చాయో తేల్చాలని కూర్చున్నాడు. అర్ధరాత్రి దాటాక యంత్రం బిగుసుకుపోయింది. తెల్లారేసరికి ఇతర పత్రికలు ఆ లెక్కలు తేల్చేశాయి.

వారం తిరగకుండానే కీబోర్డు కింది స్పర్శఫలకం పైకి లేచింది. లోపల బ్యాటరీ ఉబ్బింది. ఉబ్బిన లిథియం బ్యాటరీతో ఆటలాడకూడదు కనుక దాన్ని తీయించేశాడు. ఏడు విడతల లోక్‌సభ ఎన్నికలంతా ఆ లాప్‌టాప్ పలుపు విప్పని గేదెలా గోడ సాకెట్టుకే కట్టుబడి పనిచేసింది. కరెంటు లేని పల్లెల నుంచి ఫోనులోనే బొటనవేళ్లతో వార్తలు పంపాడు.

జూన్ 4న ఫలితాలు వచ్చాయి. ఆ హడావిడి తగ్గాక నెహ్రూ ప్లేస్‌కు వెళ్లాడు. దేశంలోని పెద్ద కంప్యూటర్ బజార్లలో అదొకటి. కింద మెరిసే దుకాణాలు, పైన ఇరుకు గదుల్లో మరమ్మతు బల్లలు. ఆయన ముందు పైకే వెళ్లాడు. ఏ వస్తువు ఎన్నాళ్లు నిలుస్తుందో అమ్మేవాడికంటే విప్పేవాడికే బాగా తెలుసు.

బల్ల వెనుక కుర్రవాడు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, తన అనుభవమంతా నాలుగు మాటల్లో చెప్పాడు. "సార్, తెర ఎంతుందో అందరూ అడుగుతారు. అడుగు మూత ఎన్ని మరలతో విప్పుకుంటుందో ఎవరూ అడగరు. మెమరీ మదర్‌బోర్డుకే టంకం వేసి ఉంటే ఇవాళ కొన్నదే ఆఖరు. స్లాటు ఉంటే మూడేళ్ల తర్వాత పెంచుకోవచ్చు. బ్యాటరీ బంకతో అంటించారా, మరలతో బిగించారా చూడండి. తర్వాత కీలు పట్టుకొని చూడండి. పెద్ద తెర బరువంతా ఆ రెండు కీళ్ల మీదే."

దుకాణాల్లో 'సైనిక ప్రమాణం' అన్న ముద్ర చాలాచోట్ల కనిపించింది. అది మిల్-ఎస్‌టీడీ-810 అనే అమెరికా సైన్యపు పరీక్షావిధానాల సంపుటి. అందులో ఏ పరీక్షలు జరపాలో తయారీదారే ఎంచుకుంటాడు. ముద్ర కంటే ఆ పరీక్షల జాబితా ముఖ్యమని ఆయన గ్రహించాడు. ప్రాసెసర్ల సంగతీ అంతే. శక్తిమంతమైన చిప్‌ను పలుచని పెట్టెలో బిగిస్తే వేడెక్కి, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మొదటి ఐదు నిమిషాల పరుగు చూసి కొనేవారికి అరగంట తర్వాతి నడక తెలియదు.

'భారత్‌లో తయారీ' అన్న చీటీ దగ్గర ఆయనలోని రాజకీయ విలేకరి మేల్కొన్నాడు. 2023 ఆగస్టు 3న కేంద్రం లాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేస్తూ ప్రకటన ఇచ్చి, మరునాడే అమలును నవంబరుకు వాయిదా వేసింది. చివరకు దిగుమతుల పర్యవేక్షణ విధానంతో సరిపెట్టుకుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరిన భారత్‌కు వీటిపై సుంకం పెంచే దారి ఇరుకైంది. అందుకే ఒక చేత్తో లైసెన్సు, మరో చేత్తో 17,000 కోట్ల ప్రోత్సాహక పథకం. అయినా ఆ చీటీ ఉన్న యంత్రాల్లో అధికభాగం ఇక్కడ బిగించినవే. చిప్పు, తెర, బ్యాటరీ కణాలు ఎక్కువగా బయటివే. లక్ష రూపాయల బిల్లులో పద్దెనిమిది శాతం జీఎస్టీ కింద పదిహేను వేల పైచిలుకు పోతుంది.

ఇంట్లో మరో లెక్క నడుస్తోంది. కూతురు ఆర్కిటెక్చర్‌లో చేరబోతోంది. గ్రాఫిక్స్ కార్డున్న పెద్ద లాప్‌టాప్ ఒకటి కొంటే ఇద్దరికీ సరిపోతుందని ఆమె వాదన. అది రెండున్నర కిలోలు తూగుతుంది, మూడు గంటల్లో బ్యాటరీ తాగేస్తుంది. అయినా పిల్ల కోసం ఆయన దాదాపు ఒప్పుకున్నాడు.

అప్పుడు ఆమె ఒక ప్రశ్న వేసింది. "నాన్నా, నిరుడు విలేకరుల ఇళ్లకు పోలీసులొచ్చి లాప్‌టాప్‌లు పట్టుకుపోయారు కదా. మనింటికొస్తే నా డ్రాయింగులూ పోతాయా?"

ఆయన దగ్గర సిద్ధంగా జవాబు లేదు. 2023 అక్టోబరు 3న న్యూస్‌క్లిక్‌కు సంబంధించిన సోదాల్లో పదుల మంది ఫోన్లు, కంప్యూటర్లు స్వాధీనమయ్యాయి. ఆ నవంబరులోనే పాత్రికేయుల పరికరాల స్వాధీనం తీవ్రమైన విషయమని, మార్గదర్శకాలు ఉండాలని సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. వరవరరావు కూడా నిందితుడైన భీమా కోరేగావ్ కేసులో, మరో నిందితుడు రోనా విల్సన్ లాప్‌టాప్‌లోకి పత్రాలను బయటినుంచి చొప్పించారని ఒక అమెరికా ఫోరెన్సిక్ సంస్థ 2021లో నివేదించింది. దర్యాప్తు సంస్థ దాన్ని అంగీకరించలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి హ్యాష్ విలువ ధ్రువీకరణ కోరుతోంది. స్వాధీనం చేసుకున్న క్షణంలోనే ఆ విలువ నమోదైతే, తర్వాత ఒక్క అక్షరం మారినా దొరికిపోతుంది. ఇంటి గుమ్మంలో నిలబడి అది అడిగే ధైర్యం ఎంతమందికి ఉంటుందన్నది వేరే మాట.

ఆయనను కలవరపెట్టినవి డ్రాయింగులు కావు. పాత యంత్రంలో ఒక గుమాస్తా పంపిన ఫైలు ఉంది, పేరు రాయనని మాటిచ్చిన ఒక అధికారి ఉత్తరాలు ఉన్నాయి. పెళ్లి ఫొటోలు, బ్యాంకు కాగితాలు, అమ్మ వైద్య నివేదికలు వాటి పక్కనే ఉన్నాయి. ఒకే యంత్రంలో ఉద్యోగమూ సంసారమూ ఉంటే, ఒకదానికోసం వచ్చినవారు రెండూ మోసుకుపోతారు.

"పోతాయమ్మా" అన్నాడు. "అందుకే ఒకటే కొనడం కుదరదు."

గ్రాఫిక్స్ కార్డు వదులుకుంటే మిగిలే డబ్బుతో లెక్క కుదిరింది. తనకు 16 అంగుళాల, రెండు కిలోలలోపు బరువున్న ఆఫీసు తరగతి యంత్రం. వెలుతురు తిరగగొట్టని మసక తెర, పదహారు జీబీల మెమరీ, మరొకటి చేర్చడానికి ఖాళీ స్లాటు, మరలతో బిగించిన బ్యాటరీ. డిస్కు మొత్తానికి ఎన్‌క్రిప్షన్. పాతదానిలోని సమాచారం శుభ్రంగా తుడిచి, కొత్త బ్యాటరీ వేయించి కూతురికిచ్చాడు. బరువైన బొమ్మలు కళాశాల ప్రయోగశాలలో గీసుకోవాలి. ఆ పిల్ల రెండు రోజులు ముఖం ముడుచుకుంది. ఆయన సర్దిచెప్పబోలేదు. తాను ఎంచుకున్న వృత్తికి ఆమె కూడా కొంత వెల కడుతోందని ఆయనకు తెలుసు.

కొత్త యంత్రంలో మొదట తెరిచినవి ఆ రెండు జాబితాలే. ఎడమవైపు కొన్నవారు, కుడివైపు పుచ్చుకున్నవారు. మార్చిలో ఆగిపోయిన వరుస దొరికింది. ఆ వార్త పాతబడి నాలుగు నెలలైంది, ప్రచురించేవారు లేరు. అయినా చివరి సంఖ్య కలిసేదాకా కూర్చున్నాడు.