టన్నుల లెక్క

పిల్లలూ! ముప్పై అయిదేళ్ళు లెక్కలు చెప్పిన ఈ మేష్టారు, లెక్క చూడకుండానే మార్కులు వేసేసిన సంగతి ఒకటి చెబుతాను, వినండి.

మా అబ్బాయి అమెరికాలో మినియాపొలిస్ నగరంలో ఉంటాడు. అక్కడ చలికాలంలో వాకిట్లో పేరుకున్న మంచు తీస్తేగాని కారు రోడ్డెక్కదు. అందుకు వెనక నడుస్తూ తోలే యంత్రాలున్నాయి. ముందున్న మర తిరుగుతూ మంచును లోపలికి లాగితే, గొట్టంలోంచి అది దూరంగా చిమ్ముతుంది. కొట్లో ఒకదానిమీద "గంటకు 50 టన్నుల వరకు" అని ఉన్నది. "ఇంకేం, ఇదే కొనరా!" అన్నాను.

వారం తిరక్కుండా మంచు పడింది. యంత్రం వాకిలంతా సునాయాసంగా శుభ్రం చేసి, రోడ్డు దగ్గర నిలిచిపోయింది. మునిసిపాలిటీ బండి రోడ్డుమీది మంచును తోసుకుపోతూ మా దారికి అడ్డంగా గట్టు వేసింది. ఆ తడిమంచు గొట్టంలో బిగుసుకున్నది. అబ్బాయి ఇంజను ఆపి, లోపల చెయ్యి పెట్టబోయాడు. "నాన్నా, చెయ్యి వద్దు! కర్ర!" అని మనుమరాలు కేక పెట్టింది. ఇంజను ఆగినా, బిగిసిన మర మంచు వదలగానే ఒక్క విసురు తిరగవచ్చు. అలా వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. యంత్రంతో ఇచ్చిన కర్రతోనే పొడిచి తియ్యాలి. నా గుండె దడ చాలాసేపు తగ్గలేదు. అది కొనిపించింది నేనే గదా!

ఆ సాయంత్రం మనుమరాలూ నేనూ లీటరు గిన్నె పట్టుకుని బయలుదేరాం. వాకిట్లో కొత్తగా పడిన మంచు నొక్కకుండా గిన్నెడు తెచ్చి తూస్తే సుమారు 100 గ్రాములు. గట్టుమీది మంచు గిన్నెడు 400 గ్రాములు! చూడటానికి రెండూ తెల్లనివే.

ఇక లెక్క. యంత్రం నోటి వెడల్పు 60 సెంటీమీటర్లు, మంచు లోతు 15. నిమిషానికి 30 మీటర్లు నడిస్తే మింగేది 2.7 ఘనమీటర్లు, అనగా 270 కిలోలు. గంటకు 16 టన్నులు. (అమెరికా టన్ను 907 కిలోలే. ఆ లెక్కన చూసినా 18కి మించదు.) 50 కావాలంటే మా అబ్బాయి దాని వెనక దాదాపు మూడింతల వేగంతో పోవాలి! పోనీ, బరువైన మంచు పెడదామా? గొట్టం పూడుకుపోతుంది.

ఏ మంచు, ఎంత లోతు, ఎంత వేగం? పెట్టెమీద ఒక్కటీ లేదు. "వరకు" అన్న మాట మటుకు చిన్న అక్షరాల్లో ఉన్నది. నేనది చదవనే లేదు.

యంత్రం ఇప్పటికీ ఉన్నది. గట్టు దగ్గర అబ్బాయి సగం నోరే ఆనించి, చీమనడకన తోలుతాడు. కర్ర దాని చోట తగిలించి ఉన్నదో లేదో మనుమరాలు ముందే చూసి వస్తుంది.