పొట్టివాడు

కెనడాలో వున్న మా బావమరిదికి ఐస్ హాకీ అంటే పిచ్చి. మొన్న ఫోను చేసి, మార్టిన్ సెయింట్ లూయీ అనే ఆటగాడి వైనం చెప్పాడు.

మనిషి అయిదడుగుల ఎనిమిదంగుళాలేనట. ఆ ఆటలో అది మరుగుజ్జు లెక్క! ఎన్.హెచ్.ఎల్. జట్లు యేటేటా కుర్రవాళ్లను ఏరుకునేటప్పుడు అతణ్ణి ఎవరూ ఏరుకోలేదు. 1998లో కాల్గరీ వారు తీసుకుని, సెయింట్ జాన్‌లోని తమ చిన్న లీగు జట్టుకు పంపారు. అక్కడ 53 ఆటల్లో 28 గోల్స్ కొట్టాడు.

"మరి పైకి తీసుకోలేదుటోయ్?" అన్నాను.

"తీసుకున్నారు బావా, నమ్మకమే కుదరలేదు. చిన్న లీగులో పంతొమ్మిదేళ్లవాడు కొడితే ఇంకా ఎదుగుతాడంటారు. ఇతనికి అప్పటికే ఇరవైమూడు. పైగా పొట్టి."

2000లో వదిలేశారు. టాంపా బే వారు చేర్చుకున్నారు. 2004లో స్టాన్లీ కప్పు వాళ్లదే. ఫైనల్లో ఓడింది కాల్గరీ!

బావమరిది పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నాలుగేళ్ల క్రితం ఒక నత్తి కుర్రవాడు ఎం.ఏ. తెలుగు చదువుతానని నా దగ్గరికి వచ్చాడు. వ్యాకరణంలో క్లాసుకంతా మొదటివాడు; ఆ మార్కులు వేసింది నేనే. "పాఠం ఎలా చెబుతావయ్యా? వేరే దారి చూసుకో" అన్నాను. తలవూపి వెళ్లిపోయాడు.

నిన్న ఆఫీసు రిజిస్టరులో అతని చిరునామా వెతికించాను. కార్డు ముందుంది. "చిరంజీవి" అని రాసి, అక్కడే ఆగాను.