చప్పుళ్ళ పోపులపెట్టె

పోపులపెట్టె సర్దడం వచ్చిన ఆడదానికి ప్రపంచంలో సర్దలేనిదంటూ ఉండదని నా గట్టి నమ్మకం. ఆవాలూ, జీలకర్రా, మెంతులూ ఏ గిన్నెలో ఉన్నాయో చూడకుండానే చెయ్యి వెళ్ళాలి. నూనె కాగాక వెతుక్కుంటూ కూర్చుంటే పోపు మాడదూ? శాంప్లర్ అనే సంగీత యంత్రం సంగతీ అంతేనని ఈమధ్యే తెలిసింది.

మా అబ్బాయి సరదాపడి కొనుక్కున్న దాని పేరు రోలాండ్ ఎస్పీ-404 ఎంకే-2. 2021లో వచ్చిన రకం. దానిమీద 16 మెత్తటి మీటలుంటాయి. ఒక్కో మీటకి ఒక్కో చప్పుడు అప్పగించవచ్చు. అలాంటి వరసలు 10, వెరసి 160 చప్పుళ్ళు. మీట నొక్కితే పలుకుతాయి. తాళానికి కూర్చితే పాటవుతాయి. చప్పుడుని సెకనుకి 48,000 సార్లు కొలిచి అంకెలుగా దాచుకుంటుందట. 1988లో ఆకాయ్ కంపెనీవాళ్ళు రోజర్ లిన్ అనే ఆయనతో కలిసి చేసిన ఎంపీసీ-60 లో మామూలుగా 13 సెకన్ల శబ్దమే పట్టేదట! ఇప్పుడు చోటుకి కరువు లేదు. దాచినది వేళకి దొరకడానికే కరువు.

ఆ కరువు మా ఇంటికెలా వచ్చిందో చెప్తాను. తెనాలిలో మా అత్తగారి పెంకుటింటిని వచ్చే సంక్రాంతి వెళ్ళగానే పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడతారు. సంతకాలైపోయాయి. అత్తగారు ఆరునెలలుగా హైదరాబాదులో మా దగ్గరే ఉంటున్నారు. మా వాడు వారం రోజులు తెనాలిలో మకాం వేసి, వీధి గేటు కిర్రుమనడం దగ్గర్నించి నూతి గిలక, ఉయ్యాలబల్ల గొలుసులు, రుబ్బురోలు, పెరటి తలుపు గడియ దాకా అన్నీ రికార్డు చేసుకొచ్చాడు. తీరా చూస్తే కంప్యూటర్లో "రికార్డింగ్ 1, రికార్డింగ్ 2" అంటూ బోలెడన్ని ఫైళ్ళు. ఏది గిలకో, ఏది గడియో బ్రహ్మదేవుడికే తెలియాలి.

"నవలల్లో అంతమందికి పేర్లు పెడతావు కదమ్మా, వీటికీ పెట్టు" అన్నాడు.

సరే అని కూర్చున్నాను. ఆడాసిటీ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అందులో చప్పుడు కొండలూ లోయలూగా కనిపిస్తుంది. ఎక్కడ మొదలు, ఎక్కడ తుద అన్నది గుర్తుపెట్టి, పేరు రాస్తే చాలు. ఆ పేర్లతోనే ముక్కలన్నీ విడివిడి ఫైళ్ళుగా ఒక్కసారే దిగుతాయి. ముందున్న నిశ్శబ్దాన్ని కత్తిరించకపోతే, మీట నొక్కాక కాస్త ఆగి పలికి తాళం తప్పుతుంది. యంత్రం మీద తెర చిన్నది కాబట్టి పేరు పొట్టిగా ఉండాలి. 1 పక్కన 10 వచ్చి కూర్చోకుండా 01, 02 అని అంకె వెయ్యాలి. ఆ పైన, ఆ యంత్రానికే ఉన్న మరో సాఫ్ట్‌వేర్లో ఒక్కోదాన్నీ లాక్కెళ్ళి మీటమీద పెట్టడమే.

ఎలా పెట్టాలన్న దగ్గరే వచ్చింది పేచీ. దెబ్బలన్నీ ఒక వరస, గలగలలన్నీ ఒక వరస, మాటలన్నీ ఒక వరస అన్నాడు మా వాడు. సంగీతం చేసేవాళ్ళ పద్ధతి అదేనట. పక్కన కూర్చుని చూస్తున్న మా అత్తగారు ఊరుకోలేదు.

"ఇదేం సర్దుడురా? వీధి గేటూ, పెరటి గడియా పక్కపక్కన ఉంటాయా ఎక్కడైనా?"

"పాటకి అలాగే కావాలి నాన్నమ్మా."

"పాట నీది నాన్నా. ఇల్లు నాది."

మా శ్రీవారు పేపరు మడిచి లేచి వెళ్ళిపోయారు. సంతకం పెట్టమని కాగితాలు తెచ్చిచ్చిన రోజున కూడా ఆవిడ ఇంత మాట అనలేదు.

అదృష్టం బాగుండి ఆ యంత్రంలో అలాంటి పెట్టెలు 16 ఉన్నాయి. ఫైళ్ళు అవే, సర్దుబాట్లు రెండు. ఒకటి మా వాడి పద్ధతి. రెండోది ఆవిడ చెప్పగా నేను సర్దింది: మొదటి వరస వీధి వాకిలి, రెండోది వసారా, ఆ తరవాత నడవ, వంటిల్లు, పెరడు. ఆవిడ వేలితో ఒక్కో మీటా నొక్కుకుంటూ ఇంట్లోకి నడిచారు. పెరట్లోకొచ్చి ఆగిపోయారు.

"తులసికోట దగ్గర ఏం లేదేం?"

"దానికి చప్పుడేముంటుంది నాన్నమ్మా?"

"చెంబుతో నీళ్ళు పోస్తే ఉండదూ?"

ఇంకొకళ్ళు పోస్తే ధార తన చేతిది కాదని, ఆవిడే మర్నాడు మనవడితో రైలెక్కారు. వాళ్ళు తెచ్చిన ఫైల్లో నీళ్ళు పడుతుండగా "మట్టి ఎంత ఎండిపోయిందో చూడు" అన్న గొణుగుడు కూడా ఉంది. మాట కత్తిరించనా అని అడిగాడు మా వాడు. వద్దన్నాను. "తులసి 01" అని పేరు పెట్టి, ఇంకో కాపీ ఎస్‌డీ కార్డులో వేయించి బీరువాలో దాచాను.

మొన్న అర్ధరాత్రి ముందుగదిలోంచి గేటు కిర్రుమంది. ఒకసారి కాదు, మూడుసార్లు. పొద్దున్నే కాఫీ తాగుతూ మా శ్రీవారు అన్నారు:

"ఆ గేటు బందుకి నూనె వెయ్యాలి, వెయ్యాలనుకుంటూనే ఉన్నాను సుమా, ఇరవై ఏళ్ళుగా!"