మెరోపీ గాంట్ ఎవరి వంశం?

హ్యారీ పోటర్ నవలల్లో వంశాహంకారం గురించి మాట్లాడాల్సివస్తే అందరం హెర్మయనీ దగ్గరే మొదలుపెడతాం. మంత్రశక్తి లేని 'మగుల్' తల్లిదండ్రులకు పుట్టినందుకు రెండో నవల (1998)లో ఆమెను 'మడ్‌బ్లడ్' అని తిడతారు. ఆ అవమానం మనకి వెంటనే అర్థమవుతుంది. నన్ను మాత్రం ఆరో నవల (2005)లోని మెరోపీ గాంట్ వదలడం లేదు. ఆమెది 'శుద్ధ రక్తం'. హాగ్వార్ట్స్ స్థాపకులు నలుగురిలో ఒకడైన మహామాంత్రికుడు సలజార్ స్లిథరిన్ వంశం.

ఆ వంశం ఆమెకిచ్చిందేమిటి? పాడుబడ్డ ఇల్లు, చిరిగిన గౌను, పొయ్యి దగ్గర చాకిరీ. కుండ చేజారితే తండ్రి మార్వోలో 'స్క్విబ్' అంటాడు, అంటే మాంత్రికుల ఇంట పుట్టినా మంత్రం రానిది అని. ఇంటికొచ్చిన అధికారికి తమ గొప్ప చూపించడానికి ఆమె మెడలోని స్లిథరిన్ లాకెట్ గొలుసు పట్టి ఊపిరాడకుండా ఈడ్చుకొస్తాడు. ఆమె ఒక మగుల్ యువకుడిని ఇష్టపడుతోందని తెలియగానే గొంతే పట్టుకుంటాడు. స్వకుల వివాహమే కులానికి మూలమనీ, అది నిలవడానికే స్త్రీలమీద అన్ని కట్టడులనీ అంబేద్కర్ 1916లోనే చెప్పారు. గాంట్‌లు కూడా తరతరాలుగా దగ్గర బంధువులనే చేసుకున్నవాళ్లు.

తండ్రీ అన్నా జైలుకెళ్లాకే మెరోపీకి మంత్రశక్తి వస్తుంది. ఎంత భయం అణిచిపెట్టిందో! ఆ శక్తితో ఆమె చేసింది టామ్ రిడిల్‌కి వశీకరణ మందు పెట్టడమని డంబుల్‌డోర్ ఊహ. అందులో అతని సమ్మతి లేదు. ఆ సంగతి దాచి ఆమెను ఉత్త బాధితురాలిగా నిలబెట్టడం నాకిష్టం లేదు.

నా అభ్యంతరం డంబుల్‌డోర్ తీర్పు మీద. ఆమెను కఠినంగా చూడొద్దంటూనే, హ్యారీ తల్లి లిలీకున్న ధైర్యం ఆమెకి లేదంటాడు. లిలీకి ప్రేమించిన భర్త, స్నేహితులు, ఇల్లు ఉన్నాయి. మెరోపీ నిండు గర్భంతో లండన్‌లో ఒంటరిగా, ఆ లాకెట్‌ని పది గాలియన్లకి అమ్ముకుంది. ఏ కొలతతో కొలుస్తున్నట్టు? 2009 నాటి సినిమాలో ఆమె కథే లేదు.

అనాథాశ్రమంలో కని, గంటలోపే చనిపోతూ బిడ్డకి పేరు పెట్టింది: వదిలేసిన భర్త పేరు టామ్, కొట్టిన తండ్రి పేరు మార్వోలో, ఇంటిపేరు రిడిల్. ఆ పిల్లాడు పెద్దవుతూ, మంత్రం తెలిసిన మనిషైతే తల్లి చచ్చిపోయేది కాదనుకున్నాడు. హాగ్వార్ట్స్‌లో తన మూలాల కోసం మొదట వెతికింది తండ్రి పేరే.