మా కొండ మీద మంచు

ఈసారి గోడపత్రికకి ఎవరి ఊరి గురించి వాళ్ళు రాయమని వార్డెన్ సారు చెప్పారు. మాది చింతపల్లి మండలంలో లంబసింగికి దగ్గర్లో చిన్న ఊరు. ఆ పేరు చెప్తే చాలు, మన హాస్టల్లో కూడా "అబ్బో, ఆంధ్రా కాశ్మీర్!" అంటారు. అందుకే చలి గురించే రాస్తున్నాను.

నవంబరు నుండి జనవరి దాకా శనివారం రాత్రి వచ్చిందంటే మా రోడ్డుకి నిద్ర ఉండదు. విశాఖపట్నం, అనకాపల్లి, రాజమండ్రి నుండి కార్లు, మోటారు సైకిళ్ళు నర్సీపట్నం దాటి ఘాటీ ఎక్కి తెల్లారగట్ల నాలుగింటికే దిగిపోతాయి. సెలవులకి వెళ్ళినప్పుడు నేను అమ్మతో టీ కొట్టు దగ్గర ఉంటాను. వచ్చినవాళ్ళు చెవులకి టోపీలు లాక్కుని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, నోట్లోంచి పొగ వదిలి ఫొటోలు తీసుకుంటారు. పదింటికి ఎండ పొడిస్తే మంచు విడిపోతుంది, వాళ్ళూ బయల్దేరిపోతారు. వంజంగి మిత్రులకి ఇది తెలిసిందే, అక్కడ మేఘాల కోసం కొండెక్కుతారు. అరకు వాళ్ళకైతే రైలుంది, 2017 నుండి దానికి అద్దాల పెట్టె కూడా ఉంది. మాకు రైలు లేదు, చలి ఒక్కటే ఉంది.

కిందటేడు డిసెంబరులో ఒక చిన్నపాప మా కొట్టు ముందు నిలబడి ఏడుపు మొదలెట్టింది. "మంచేది నాన్నా? ముద్దలు చేసి విసురుకోవచ్చు అన్నావు కదా!" ఆయన నా వైపు తిరిగి, "మంచు ఎక్కడ పడుతుంది బాబూ?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఆ మాట అడిగేవాళ్ళు ఏటా వస్తారు. వాళ్ళననేదేం లేదు. మన తెలుగులో ఆకు మీద తడీ మంచే, దారి కనబడనివ్వని పొగా మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. సినిమాలో చూసింది మనసులో పెట్టుకుని వస్తే మా దగ్గర దొరికేది పొగమంచు.

లెక్క చెప్తాను. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే చలి సుమారు ఆరు డిగ్రీలు పెరుగుతుంది. సిమ్లా దాదాపు 2,200 మీటర్ల ఎత్తు, పైగా ఉత్తరాన ఉంది, అక్కడ మంచు కురుస్తుంది. ఊటీ కూడా ఇంచుమించు అంతే ఎత్తు, అయినా దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ గడ్డి మీద పేరుకునే మంచే. మాది వెయ్యి మీటర్లే. మరి అంత చలి ఎందుకంటే, మబ్బు లేని రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి, గెడ్డలో నీళ్ళు దిగినట్టు కొండల మధ్య పల్లంలోకి దిగి నిలిచిపోతుంది. అందులోని తేమ పొగమంచవుతుంది. గాలిలో మూడు నాలుగు డిగ్రీలున్నా నేలని అంటుకున్న గడ్డి అంతకన్నా చల్లబడి, తెల్లగా ఉప్పు చల్లినట్టు గడ్డకడుతుంది.

ఆ రోజు చలి బాగా ముదిరింది. ఇంకా ఎండ రాలేదు. పాపనీ వాళ్ళ నాన్ననీ మా పల్లపు చేలోకి తీసుకెళ్ళి చూపించాను. గోటితో గీకి నాలుక మీద పెట్టుకుంది. ముద్ద చెయ్యడానికి చాలలేదు, అయినా ఏడుపు ఆపేసింది.

లంబసింగికి పాతపేరు కొర్రబయలు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరంట, పెద్దలు చెప్తారు. ఈ పేరు ఎవరూ ఫొటో కింద రాయరు. మా మామ్మ చలికాలమంతా నెగడు పక్కనే పడుకుంటుంది. అర్ధరాత్రి లేచి కర్ర ఎగదోస్తుంది, లేకపోతే దగ్గు. వచ్చినవాళ్ళు మా నెగడు దగ్గర నిలబడి "ఎంత బాగుందో" అంటే, మామ్మ "ఉండండి నాయనా, జ్యేష్ఠం దాకా ఉండండి" అంటుంది. వాళ్ళు నవ్వుతారు. (వార్డెన్ సారుకి మనవి: డిసెంబరు లోపు రెండో దుప్పటి ఇప్పించండి.)

అసలు సంగతి ఇప్పుడు. నిరుడు కింద నుండి ఒకాయన వచ్చి, మా వలిసె చేను మూడేళ్ళకి ఇస్తే టెంట్లు వేస్తానన్నాడు. నాన్న జన్మలో చూడనంత డబ్బు చెప్పాడు. కాయితం నా చేత చదివించారు. అందులో కౌలు అని ఉంది. సోషల్ మాష్టారు చెప్పిన 1/70 గుర్తొచ్చింది. 1959 నాటి రెగ్యులేషన్‌ని 1970లో గట్టి చేశారు. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకి అమ్మకమే కాదు, కౌలూ చెల్లదు. ఆ మాట నాన్నకి చెప్పాను. చిన్నాన్నకి కోపమొచ్చింది, "అందరూ ఇస్తున్నారు, మనమే పెద్ద చదువుకున్నోళ్ళమా" అన్నాడు. రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. మూడోనాడు సంత నుండి వస్తూ నాన్న అన్నాడు, "వలిసె పూలు చూద్దామనే కదరా వాళ్ళొచ్చేది. చేను పోయాక ఏం చూస్తారు?"

చిన్నాన్న ఊరుకోలేదు. నాన్న చేతే నర్సీపట్నంలో రెండు టెంట్లు కొనిపించాడు. కోత అయ్యాక కళ్ళంలో మేమే వేశాం. అడ్డాకులో అమ్మ అన్నం పెట్టింది. మొదటి వారం ఒక్కరూ రాలేదు, సంక్రాంతికి రెండూ నిండాయి. ఆ డబ్బుతో ముందు మామ్మకి కంబళి కొన్నారు. పొద్దున్నే సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు ఏరడం మాత్రం నా వంతు పడింది.

ఈ సంక్రాంతికి మన తరగతి నుండి ఎవరైనా వస్తే రండి. ఆరింటికి ముందే లేవాలి, ఎండొస్తే గడ్డి మీద ఏమీ ఉండదు. స్వెట్టరు ఎవరిది వాళ్ళు తెచ్చుకోండి. మా ఇంట్లో కంబళ్ళు మూడే ఉన్నాయి, మామ్మది ఎవరికీ ఇవ్వదు.